తువ్వాలు బోస్కోలో మరణానంతర వైభవం

ఇటలీ సముద్రపు ఒడ్డునున్న కియోజ్జా ఊళ్లో మనిషి పోతే ముందుగా తెలిసేది డాక్టరుకి కాదు, గోడకి. నల్ల అంచు కాగితం మీద పేరూ వయసూ అచ్చువేయించి వంతెన పక్కన అతికిస్తే తప్ప ఆ ఊళ్లో ఎవరూ పూర్తిగా చచ్చినట్టు కాదు. ఆ బుధవారం పొద్దున ఓరెస్తె బోస్కోలో అనే ముసలాయన తన చావు కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. పేరు సరిపోయింది. ఎనభై ఒకటి, వయసూ సరిపోయింది. పేరు కింద ఉండాల్సిన మారుపేరే కనపడలేదు. చేపల పండగవాళ్లు తమ కాగితాన్ని సరిగ్గా దాని మీదకి ఎక్కించి అతికించేశారు.

ఊళ్లో సగం మంది ఇంటిపేరు 'బోస్కోలో'యే కాబట్టి మారుపేరు లేనిదే ఉత్తరం కూడా ఇల్లు చేరదు. పోయినవాడు ఇంకో ఓరెస్తె, 'పాముచేప' బోస్కోలో, నలభై ఏళ్లు బజారులో పాముచేపలు అమ్మినవాడు. మన ఓరెస్తె 'తువ్వాలు' బోస్కోలో. ఒకప్పుడు బాక్సింగు బరిలో ఇటలీ మొత్తాన్నీ గుద్దినవాడు. యాభై రెండు పోటీలు, యాభై ఒక్క గెలుపు. ఓడిన ఆ ఒక్కటీ మిలానులో, యూరప్ బిరుదు కోసం. పాయింట్లలో ముందుండగా పదకొండో రౌండులో అతని సహాయకుడు నేవియో బరిలోకి తువ్వాలు విసిరాడు. విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టే. యాభై ఒక్క గెలుపుల్నీ ఊరు ఆ తువ్వాల్లోనే మూటగట్టి పారేసింది. జీవితమంతా ముష్టియుద్ధం చేసినవాడికి ఊరు వేసిన ముష్టి ఆ పేరు.

వ్యాయామశాలలో తన ఫొటో పెట్టమని ఓరెస్తె పదకొండేళ్లుగా అడుగుతున్నాడు. "బతికున్నవాళ్లవి పెట్టే ఆనవాయితీ లేదు బాబాయ్. కాస్త ఓపిక పట్టు," అనేవాడు కమిటీ ప్రెసిడెంటు రవాన్యాన్.

ఓరెస్తె రోజూలాగే కాలవ వైపు తలుపులోంచి లీనా కాఫీ కొట్లోకి దూరి, సీసాల పెట్టెల వెనక పేక పరుచుకున్నాడు. ముందు గదిలో అతని జీవితానికి తూకం వేస్తున్నారు.

"మారుపేరు ఎందుకు వేయలేదంటారు?" లీనా అడిగింది.

"సిగ్గుపడి ఉంటారమ్మా ఇంట్లోవాళ్లు. చావు కాగితం మీద తువ్వాలు అని వేస్తే బట్టల కొట్టు ప్రకటన అనుకోరూ," అన్నాడు రవాన్యాన్. "ఇదిగో, ఉపన్యాసం రాశాను. 'అది పిడికిలి కాదు, పిడుగు. ఇటలీలో అంతటివాడు పుట్టలేదు, పుట్టబోడు.' వ్యాయామశాలకి ఆయన పేరే పెడుతున్నాం. మధ్యాహ్నానికి సంతకాలైపోతాయి."

"మరి ఫొటో పెట్టడానికే పదకొండేళ్లు తిప్పారు కదండీ?"

"అప్పట్లో ఆయనకి ఒక లోపం ఉండేది లీనా. ఊపిరి."

పదకొండేళ్లలో జరగనిది చచ్చిన గంటన్నరలో జరిగిపోయింది. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చచ్చేవాణ్ణి కదా అనుకున్నాడు ఓరెస్తె. ఇప్పుడైనా మించిపోయింది లేదు. మధ్యాహ్నం దాకా దగ్గకుండా కూర్చుంటే గోడ మీద పేరు పడుతుంది.

అంతలో నేవియో వచ్చాడు. ఇద్దరికీ యాభై ఏళ్లుగా మాటల్లేవు. టోపీ తీసి చేత్తో పట్టుకుని ఓ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏమీ అనుకోకు నేవియో. ఓటమికి నువ్వే కారణమని ఫలకం మీద చెక్కిస్తున్నాం. పోయినవాడి గౌరవం చూడాలి కదా," అన్నాడు రవాన్యాన్.

"చెక్కించండి. నేనే తొందరపడ్డాను. ఇంకో రౌండు ఆగితే వాడు గెలిచేవాడే. అలాగే రాయండి."

పెట్టెల వెనక పేకముక్క చేతిలోనే ఆగిపోయింది. పదో రౌండు అయ్యాక స్టూలు మీద కూలబడి, నేవియో చెవి పట్టి లాగి, "విసిరెయ్యరా. కుడి కన్ను కనపడట్లేదు. నేనన్నానని మాత్రం ఎవరికీ చెప్పకు," అన్నది ఓరెస్తే. ఆ రాత్రే విలేకరులకి నేవియో వైపు వేలు చూపించిందీ ఓరెస్తే. అప్పట్నుంచి నేవియో పెళ్లి చేసుకున్నా, పడవ కొనుక్కున్నా, ఊరికి 'విసిరినోడు'గానే మిగిలాడు. ఇవాళ శవానికి కూడా మాట నిలబెట్టుకుంటున్నాడు.

ఓరెస్తె లేచి ముందు గదిలోకి వచ్చాడు. లీనా చేతిలో కప్పు జారింది. రవాన్యాన్ చటుక్కున బల్ల ఇనుపకాలు ముట్టుకున్నాడు, చావుగాలి సోకకుండా.

"ఆ వాక్యం కొట్టెయ్ ప్రెసిడెంటూ. విసరమన్నది నేను. కన్ను పోతుందని భయమేసింది. వీడు తువ్వాలు విసిరాడు, నేను వీణ్ణే విసిరేశాను."

"నువ్వు... పోలేదా బాబాయ్?"

"ఇంకా లేదు. మీ పని పాడుచేసినందుకు క్షమించాలి."

రవాన్యాన్ ఉపన్యాసం మడిచాడు. "అయితే తీర్మానం చెల్లదు. పైగా ఈ భయం సంగతి ఒకటి. పాలరాతి మీద ఎలా చెక్కిస్తాం?"

"ఒరే గాడిదా," అన్నాడు నేవియో, యాభై ఏళ్ల తర్వాత మొదటి మాటగా. "మధ్యాహ్నం దాకా నోరు మూసుకోలేకపోయావట్రా?"

"నువ్వు మూసుకున్నది చాల్లేరా."

ఇద్దరూ వంతెన దగ్గరికి నడిచారు. అప్పటికే ఓ పాతిక మంది నల్లబట్టల్లో పోగై ఉన్నారు, ఓరెస్తెని చూసి ఒకరి వెనక ఒకరు నక్కారు. అతను చేపల పండగ కాగితం అంచు పట్టుకుని లాగాడు. కింద నల్లటి అక్షరాల్లో 'పాముచేప' బయటపడింది. "పోయింది చేపల ఓరెస్తె. దండలు అటు పట్టుకెళ్లండి," అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు కొన్న పూలకేసి విచారంగా చూసుకున్నారు. ఆ తర్వాత కూడా వచ్చినవాళ్లకి వచ్చినట్టు కాగితం చూపించి, పోయింది తను కాదని చెప్పాడు. ఆ వెంటనే తువ్వాలు విసరమన్నది తనేనని కూడా చెప్పాడు. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. అయినా ఒక్కరినీ వదలకుండా చెప్పాడు.