నారాయణగూడ మలుపులో గోడ

రాఘవేందర్‌కి రెండు వారాలు మహబూబ్‌నగర్‌లో డ్యూటీ, రెండు వారాలు ఇంట్లో. అతను పోయే ఆదివారం భార్య అరుంధతి నాలుగున్నరకే లేచి చపాతీలు చేస్తుంది. మామిడికాయ తొక్కు చిన్న డబ్బాలో, పెరుగన్నం పెద్ద డబ్బాలో. అశోక్‌నగర్ నుంచి కాచిగూడ స్టేషన్‌దాకా ఇదివరకు ఆటోలో పోయేవాడు. ఏప్రిల్‌లో సంజనకి లైసెన్సు వచ్చినప్పటి నుంచి కారులో పోతున్నాడు. కూతురు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ పోతాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ సీట్లో అరుంధతి కూర్చుంటుంది. ఆమెకు డ్రైవింగ్ రాదు. అందుకని ఏమీ అనదు.

జూన్ రెండో ఆదివారం కూడా అట్లాగే తిరిగొస్తున్నారు. ఎండ అప్పుడే వీపు మీదికి వచ్చింది. నారాయణగూడ మలుపులో నెత్తిన గంపతో ఒక మనిషి అడ్డం వచ్చినట్టయింది. సంజన స్టీరింగు తిప్పేసింది. అరుంధతి కళ్లు మూసుకుంది.

ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకి గీరుకుని కారు ఆగింది, ముందుభాగం ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ వైపు తిరిగి.

కాసేపటికి ఇద్దరూ కళ్లు తెరిచేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. నాలుగైదు నేరేడుపళ్లు చితికి ఉన్నాయి. సంజన కిందికి దిగలేదు. వెనక్కి తీసి ఇంటికి తోలింది. ఆగి చూడాల్సింది. ఇద్దరికీ ఆ మాట ఇంటికొచ్చాకే తట్టింది.

ఎడమవైపు ముందు తలుపు లోపలికి పోయింది. అంతే. కాని బండికి దెబ్బ తగిలితే ముందు దిష్టి తీయాలి. అరుంధతి పసుపులో సున్నం కలిపి బకెట్ నిండా ఎర్రనీళ్లు చేసింది. వాచ్‌మన్ భార్య కురుమమ్మ వాటిని కారు చుట్టూ మూడుసార్లు తిప్పి, తలుపు మీదే కుమ్మరించింది. "ఎవని కండ్లు పడ్డయో, ఆని కండ్లు మండ!" అంది. నీళ్లు సొట్టలోకి దిగి, ధారలు కట్టి ఆరిపోయాయి.

అప్పుడు సంగతి తెలిసి రాఘవేందర్ రైల్లోంచి ఫోన్ చేశాడు. "ఇన్సూరెన్సుకు ఫోటోలు దీసి పంపుండ్రి. కడగకుండ్రి, ఎట్లున్నది అట్లనే."

సంజన కారు దగ్గరికి రాలేదు. అరుంధతే నాలుగు ఫోటోలు తీసి పంపింది.

ఐదో రోజున సర్వేయర్ వచ్చాడు. పేరు పవన్‌కుమార్. అంబర్‌పేట్‌లో ఉంటాడు, మాట మాత్రం గుంటూరుది. కారు చుట్టూ తిరిగి, ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి చూపించాడు.

"ఈ ఎరుపేంటండీ?"

"దిష్టి నీళ్లు."

"నాకు తెలుసండీ. మా ఇంట్లో కూడా పోస్తాం. కానీ నేను నమ్మితే చాలదు. ఈ ఫోటోలు చూసేవాళ్లు బొంబాయిలో ఉంటారు. రక్తం అనుకున్నారు. మనిషికి దెబ్బ తగిలిందని అనుమానం రాసి, పోలీసు రిపోర్టు అడుగుతున్నారు."

"రక్తమేంది సారు?" కురుమమ్మ ముందుకొచ్చింది. "ఇంకో బకీటు కలిపి పోస్త, జూస్కో."

"వద్దు తల్లీ, వద్దు! అది కూడా ఫోటోలో పడుద్ది."

అరుంధతికి నవ్వు రాలేదు. "మరి ఎట్ల?"

పవన్‌కుమార్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "మలుపులో గోడ ఉంది కదండీ. చూశారా?"

ఆ గోడ సంగతి చిక్కడపల్లిలో అందరికీ తెలుసు. దాని మీద పడిన నీడ, మనిషి కాసేపు ఆగితే అంటుకుంటుంది. నడిచిపోయేవాళ్లది అంటదు. అంటిన నీడ వాన పడేదాకా పోదు. లైబ్రరీకని చెప్పి ఎవరితో నిలబడ్డారో తల్లులు అక్కడికి పోయి చూసుకుంటారు. సున్నం వేసినా నీడలు పైకి వస్తాయి. పోస్టర్లు అంటించేవాళ్లు కూడా ఆ గోడను వదిలేస్తారు. ఎండాకాలం చివరికి గోడ నల్లగా నిండిపోతుంది. మొదటి వానకు కడుక్కుపోతుంది.

"చూడలే," అంది అరుంధతి.

"చూసుకోండి. మీ మనసు కోసం. మేం మాత్రం తీసుకోమండీ. ఫారంలో నీడకి గడి లేదు."

ఆ రాత్రి రాఘవేందర్ ఫోన్‌లో అంతా విని, "నేనొచ్చేదాక ఆగుండ్రి" అన్నాడు. ఆగడం తప్ప వాళ్లకి చేతనైంది కూడా ఏమీ లేదు.

కాని సంజన ఆగలేదు. రక్తం అన్న మాట ఆమె లోపలికి పోయి కూర్చుంది. గ్రూప్స్‌కి చదువుతోంది. రోజూ ఎనిమిదింటికల్లా చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పట్టుకునే పిల్ల, మంచం దిగడం మానేసింది. అన్నంలో చెయ్యి పెట్టి తీసేస్తుంది. అరుంధతి జొన్నరొట్టె చేసింది. పాలకూర పప్పు చేసింది. ఏదీ ఆమె గొంతు దిగలేదు. వారం నుంచి అరుంధతికి కుడి భుజం ఒకటే నొప్పి. ఎర్రనీళ్ల బకెట్ ఎత్తినందుకే అనుకుంది. బామ్ రాసుకుని ఊరుకుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం సంజన తల దువ్వుకుని వచ్చింది.

"అమ్మా, నాలుగింటికి ఠాణాకు పోత. నేనే గుద్దిన అని రాసిస్త."

"ఎవర్ని?"

"ఆమెను. గంప ఆమెను."

"చూసినవా?"

"తగిలిందమ్మా. ఛాతికి మెత్తగ వచ్చి తగిలింది. రోజూ అదే యాదికొస్తుంది." సంజన గోడకి ఆనుకుంది. "పోనీ నువ్వు చెప్పు. ఎవరికి తగల్లే అని చెప్పు. నేను పోను."

అరుంధతి నోరు తెరిచింది. చెప్తే అయిపోయేది. కాని బిడ్డ ఆమె కళ్లలోకి చూస్తోంది.

"నేను కండ్లు మూసుకున్న," అంది.

కేసు పడితే ఉద్యోగం వచ్చే నాడు కూడా ఆ కాగితం ఎదురొస్తుందని ఇద్దరికీ తెలుసు. సంజన చెప్పులు వెతుక్కుంటోంది. అరుంధతి తలుపు దగ్గర నిలబడింది. అడ్డం ఉండాలో, పక్కకు జరగాలో తెలియలేదు.

కింద నుంచి కురుమమ్మ గొంతు వినిపించింది. "బట్టలు దీసుకో అమ్మా! రాంనగర్ దిక్కు మొగులు నల్లగైంది."

ఆ తర్వాత కొంచెం ఆగి, అదే గొంతు. "ఇంక గోడ గూడ పాయె. ఇయ్యాల చూసినోళ్లు చూసినట్టు."

పదకొండు రోజులు అరుంధతి ఆ మలుపు వైపు పోలేదు. కూరగాయలకు కూడా చుట్టు తిరిగి పోయింది. గోడ మీద ఒక మనిషి పడిపోయి కనబడితే ఏం చేయాలో ఆమెకు తెలియదు. చూడకుండా ఉంటే ఆ మనిషి ఉండకపోవచ్చు అనుకుంది. ఇప్పుడు వాన పడితే ఎప్పటికీ తెలియదు. తెలియకుండానే సంజన సంతకం పెట్టేస్తుంది.

"ఠాణా ఎట్లనో ఆ దారిలనే ఉన్నది," అంది. "ముందు గోడ కాడ దిగుదం."

"నేను చూడ."

"నేను చూస్త."

ఆటో అతను ఎక్కడికని అడగలేదు. "గోడ కాడికే గద అక్కా? పొద్దట్నుంచి అందరు గాడికే. జల్ది కూసోండ్రి, వానొస్తది."

గోడ ముందు పది, పదిహేను మంది ఉన్నారు. ఒక ముసలాయన ఒక నీడ పక్కన అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని కదిలించలేదు. గాలి దుమ్ము లేపుతోంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురుగా, నీడల మధ్య తమ కారు నీడ కనబడింది. సంజన రోడ్డు వైపు తిరిగి నిలబడింది. అరుంధతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గరికి పోయింది. ముందు కింద చూసింది. చక్రాల కింద ఏమీ లేదు. పక్కన ఏమీ లేదు. అప్పుడు తల ఎత్తింది.

కారుకి కుడివైపు, ఒక జానెడు వెలుతురు వదిలి, ఒక ఆడమనిషి నీడ. నిలువుగా ఉంది. నెత్తిన గంప గంపలాగే ఉంది. ఒక చెయ్యి గంప మీద, ఇంకో చెయ్యి కారు మీదికి చాచి. వేళ్లు విడిగా ఉన్నాయి. తిడుతోంది. కారు ఆగాక, అద్దాలు ఎత్తిన కారులో వాళ్లు కళ్లు మూసుకుని ఉండగా, ఆ మనిషి అక్కడే నిలబడి తనివితీరా తిట్టి పోయింది.

"సంజనా." అరుంధతి వెనక్కి తిరిగి పిలిచింది. "నిలబడే ఉన్నదే. గంప గూడ పడలే."

సంజన ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. గంపావిడను చాలాసేపు చూసింది. ఆ వేళ్లను చూసింది. ఆ తర్వాత కారు నీడ వైపు తిరిగింది. వెనక అద్దంలోంచి ఎండ దూరిన చోట రెండు తలలు ఉన్నాయి. ఒకటి స్టీరింగు మీదికి వంగి ఉంది. రెండో మనిషి వైపు నుంచి ఒక చెయ్యి వచ్చి, మొదటి మనిషి ఛాతికి అడ్డంగా కడ్డీలాగా బిగుసుకుని ఉంది.

"ఇదేంది అమ్మా?"

అరుంధతికి గుర్తు లేదు. తను కళ్లు మూసుకుంది, అంతవరకే గుర్తు. కుడి భుజం మాత్రం చీరకింద సలుపుతూనే ఉంది.

సంజన తన ఛాతి మీద చెయ్యి పెట్టుకుంది. మెత్తగా తగిలిన చోట.

మొదటి చుక్కలు పెద్దవిగా పడ్డాయి. జనం చెట్టుకిందికి, షట్టర్ల కిందికి ఉరికారు. ముసలాయన కదల్లేదు. వీళ్లూ కదల్లేదు. నీళ్లు పైనుంచి ధార కట్టాయి. ముందు గంప పోయింది. తర్వాత తిట్టే చెయ్యి పోయింది. కారు చక్రాల దాకా కారిపోయింది. ఆ అడ్డం చెయ్యి మాత్రం కాసేపు ఉంది. అదీ పోయింది. గోడ తెల్లగా, తడిగా మిగిలింది.

అక్కడినుంచి ఠాణాకు రెండు వందల అడుగులు. సంజన ఆ వైపు చూసింది. ఇంటి దారి పట్టింది.

చీర పిండుకుంటూనే అరుంధతి పవన్‌కుమార్‌కి ఫోన్ చేసింది. "మాకు క్లెయిమ్ వద్దు సారూ. వాపస్ తీసుకుంటం."

"అలాగేనండీ." అన్నాడు పవన్‌కుమార్. "గోడ చూశారా?"

"చూసినం. ఆమె నిలబడే ఉన్నది. మమ్మల్ని తిడుతున్నది."

"మంచిదండీ," అన్నాడు. ఫోన్ పెట్టేసేముందు, "రాసుకోడానికే గడి లేదు."

తలుపు సొట్ట సొట్టగానే ఉండిపోయింది. మూడు రోజులకు రాఘవేందర్ వచ్చే ఆదివారం. పొద్దున్నే అరుంధతి స్టేషన్‌కు పోను ఆటో కోసమని కొంగు సర్దుకుని బయటికొచ్చేసరికి, సంజన డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. ఇంజను ఇంకా వేయలేదు.

"ఎక్కు," అంది. సొట్ట తలుపును లోపలినుంచి తోసి తెరిచింది. "భుజం ఎట్లున్నది?"

"నొస్తున్నది," అంది అరుంధతి. ఎక్కి కూర్చుంది.