నిలవని తెల్లగీత

హోరుకి చెవుల్లో దూది కుక్కుకుని, స్ట్రోబ్ లైటు రెండు చేతులా పట్టుకుని అతను ఆవిరి టర్బైన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. తిరిగే ఇరుసు మీద ఒక తెల్లగీత. అది నిమిషానికి మూడు వేలసార్లు తిరుగుతుంది. లైటు కూడా అన్నిసార్లే వెలిగి ఆరితే, గీత ఆగిపోయినట్టు కనబడుతుంది. అప్పుడు లైటు వెనకనున్న అంకె చూసి పుస్తకంలో రాయాలి. ఇరవై ఆరేళ్లుగా అతని పని అదే. మిల్లులో అందరికీ అతను మెరుపు మావయ్య.

పని నేర్పిన బాబాయి ఒకనాడు ఈ లైటు వెలుగులో ఆగినట్టున్న చక్రం మీద దుమ్ము తుడవబోయాడు. మూడు వేళ్లు పోయాయి. అప్పట్నుంచీ ఇతనికి ఇంట్లో ఫ్యాన్ ఆపినా రెక్కలు నిజంగా ఆగాయో లేదోనని అనుమానమే. భార్య నవ్వేది. అతనూ నవ్వేసేవాడు. భయమని ఎవరితోనూ అనలేదు.

ఆ ఉదయం గీత నిలవలేదు. మెల్లగా ముందుకు జరిగింది. నాబ్ తిప్పి లైటు వేగం పెంచాడు. మూడు వేల ఎనభై. గీత ఆగి, రెప్పపాటులో మళ్లీ కదిలింది.

"అల్లుడూ, వేగం పెరుగుతోంది!" అని అరిచాడు.

"ఇక్కడ మూడు వేలే ఉంది కదా మావయ్యా," అన్నాడు ఆపరేటర్, గోడ మీటరు తట్టి. ముల్లు కదల్లేదు.

"అది చచ్చింది. ఆవిరి కట్టెయ్!"

ఆపరేటర్ అత్యవసరపు మీట లాగాడు. రాలేదు. మిగతావాళ్లు తలుపువైపు పరుగు తీశారు. ఆపరేటర్ పెద్ద వాల్వు మీద పడి తిప్పసాగాడు.

"తగ్గుతోందా? తగ్గకపోతే నేనూ పారిపోతా!"

మావయ్య కాళ్లూ అదే అంటున్నాయి. ఇనుము పగిలితే ముందు తగిలేది తనకే. మూడు వేల మూడు వందలు.

"తిప్పు," అన్నాడు. మూడు వేల మూడు వందల నలభై. "తిప్పరా!"

గీత తటపటాయించింది. వెనక్కి జరిగింది.

"తగ్గుతోంది," అన్నాడు.

ఇరుసు ఆగడానికి పావుగంట పట్టింది. లైటు ఆర్పి, పగటి వెలుతురులో దాన్ని చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు.

"నువ్వు కదలకుండా కూర్చున్నావు మావయ్యా. భయమెయ్యలేదా?"

"రోజూ వేసేదిరా. ఇరవై ఆరేళ్లూ." లైటు కింద పెట్టి అన్నాడు, "ఇంక రాను అల్లుడూ."

భోజనాల గంట కొట్టకముందే గేటు దాటి వెళ్లిపోయాడు. ఆపరేటర్ లోపలికొచ్చేసరికి కిటికీ గట్టు మీద, అతను చెవుల్లోంచి తీసి పెట్టిన రెండు దూది ఉండలున్నాయి, చెవుల ఆకారంలోనే గట్టిగా నొక్కుకుపోయి.