డబుల్ సైజు టు-లెట్ బోర్డు

మా గల్లీలో ఎదురెదురుగా రెండు ఇళ్లు. ఇటుది మాది, అటుది నా తోడల్లుడు పాండుది. రెండు జాగాలూ మా మామ తన ఇద్దరు బిడ్డల పేర రాసిచ్చినవే. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలయ్యాక అందరిలాగే మేమూ పైన పోర్షన్లు వేసి కిరాయికి పెట్టాం. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, అందరికీ ఇల్లు కావాలి. ఆ అందరూ పాండు ఇంటికే పోతారు.

మా పైపోర్షన్ ఎండాకాలం నుంచి ఖాళీ. గ్రానైట్ వంటగట్టు వేయించాను, బోరు నీళ్లున్నాయి. వాడివి ఇరుకు మెట్లు. అయినా వాడి మేడ మీద కొత్త కొత్త వాళ్ల బట్టలు ఆరుతుంటాయి. పొద్దున్నే ఆ తీగ వైపు చూస్తే చాలు, చాయ్ చేదుగా దిగేది.

ఒకరోజు మా ఆవిడ అమృతమ్మ తేల్చి చెప్పేసింది.

"దసరా దాంక చూస్త. అప్పటికి ఎవ్వరు రాకుంటే తాళంచెవులు పాండుకిస్త. కిరాయిదార్లను ఆయననే చూసుకుంటడు."

"మన ఇంటి తాళంచెవులు వానికెందుకే?"

"ఇల్లు నా పేరు మీదున్నది. ఆయన నా చెల్లె మొగడు. నీకేం తక్లీఫ్?"

అంతా తక్లీఫే. వాడి పెళ్లికి పందిరి గుంజలు పాతింది నేను. ఇప్పుడు వాడు నా మెట్లెక్కి నా గదులు చూపించడమా?

ఆలోచిస్తే కిటుకు బోర్డులో ఉందనిపించింది. వాడి గేటుకు పసుపు రేకు మీద ఎర్ర అక్షరాల టు-లెట్ బోర్డు ఉంది. నాది అట్టముక్క, వానకు నానిపోయింది. కాటేదాన్ నుంచి పెయింటర్‌ని పిలిపించి వాడి గేటు ముందు నిలబెట్టాను.

"అచ్చం గిట్లనే రాయాలె. ఒక్క అక్షరం తేడా రావద్దు. సైజు మాత్రం డబుల్ ఉండాలె."

"అచ్చం గిట్లనేనా పెద్దమనిషీ?"

"చెప్పిన గదా."

బోర్డు వేలాడదీసిన రోజు పాండు అవతలి నుంచే నవ్వాడు. "అన్నా, నా బోర్డుకు అన్న పుట్టినట్టున్నడు."

ఏడువు బిడ్డా, అనుకున్నాను.

జనం నిజంగానే రావడం మొదలుపెట్టారు. నా బోర్డు కింద ఆగేవారు, తలెత్తి చదివేవారు, ఫోన్ చెవిన పెట్టుకునేవారు. నేను లోపల లుంగీ సర్దుకుని నా ఫోన్ చేతిలోకి తీసుకునేవాణ్ణి. అది మోగేది కాదు. కాసేపటికి పాండు మేడ మీదికొచ్చి చెయ్యి ఊపేవాడు. వాళ్లు నా గేటు వదిలి వాడి గేట్లోకి పోయేవారు. నా కళ్ల ముందే వాడి ఆఖరి పోర్షన్ కూడా నిండిపోయింది. నా బేరాలు వాడు పైనుంచే లాక్కుంటున్నాడని నాకు ఒళ్లు మండిపోయేది.

దసరా దగ్గరపడింది. ఒక సాయంత్రం ఖుర్రం అని, విమానాల సామాను గోడౌన్‌లో పనిచేసే పిల్లవాడు, భార్యతో వచ్చి నా బోర్డు కింద ఆగాడు. ఫోన్ తీశాడు. ఈసారి వదలకూడదని ఉరికాను.

"ఫోనెందుకు భాయ్, ఓనర్‌ను నేనే."

అప్పటికే ఎదురింట్లో ఫోన్ మోగింది. పాండు మాట్లాడుకుంటూ బయటికొచ్చాడు.

"గేటు కాడనే ఉన్నరా? నేను గూడ గేటు కాడనే ఉన్న, ఎవ్వరు కనబడుతలేరు."

"మేం గూడ గేటు కాడనే ఉన్నం సాబ్," అన్నాడు ఖుర్రం.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాండు గల్లీ దాటి వచ్చి, నా బోర్డు ముందు నిలబడి కింది వరస చదివాడు.

"అన్నా, గిది నా నంబర్ గదనే. ఇన్నొద్దులు సైజే చూసిన గని, నంబర్ చూడలే."

నేనూ సైజే చూసుకున్నాను. వాడి నంబరు నాకు మాత్రం ఏం తెలుసు? నా ఫోన్‌లో వాడి పేరు నొక్కితే కాల్ పోతుంది. పెయింటర్ చెప్పినట్టే చేశాడు. అచ్చం.

పాండు నవ్వి ఉంటే కొట్లాడేవాణ్ణి. వాడు నవ్వలేదు.

"నా దగ్గర ఖాళీ లేదు భాయ్. మా అన్న ఇల్లు చూడుండ్రి. నా ఇంటికంటె మంచిగుంటది."

ఆ మంచి మాట కూడా వాడి నోటి నుంచే రావాలా?

గడప దగ్గర అమృతమ్మ తాళంచెవులతో నిలబడి ఉంది. నేను చెయ్యి చాపాను. గుత్తి నా చేతి మీదుగా పాండు చేతికి పోయింది.

"ఇంక దసరా రాలే గదనే," అన్నాను.

"బోర్డు మీద ఎవరి నంబరుంటే తాళంచెవులు వాళ్లకే," అంది.

ఖుర్రం వాళ్లు మా పైపోర్షన్లో కిరాయికి దిగారు. ఇప్పుడు మా మేడ మీద కూడా బట్టలు ఆరుతున్నాయి. ఏం కావాలన్నా ఖుర్రం పాండుకే ఫోన్ చేస్తాడు. మోటారు స్విచ్ మాత్రం మా వరండాలో ఉంది. అందుకని నా ఫోన్ కూడా మోగుతోంది.

"అన్నా, మీ మేడ మీద నీళ్లొస్తలేవంట. జర మోటరెయ్యవా?"

లేచి వేస్తాను.