ఝాన్సీ పెద్దమ్మ తెల్ల గట్టు

మా ఝాన్సీ పెద్దమ్మ ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల నోటుపుస్తకాల్లో తప్పులు దిద్దింది. రిటైరయ్యాక దిద్దడానికి దానం పెదనాన్న ఒక్కడే మిగిలేడు. ఆయన దిద్దితే మారే రకం కాదని పెళ్లైన కొత్తల్లోనే తేలిపోయింది కాబట్టి, ఆవిడ దృష్టి వంటింటి మీదికి మళ్లింది.

మళ్లించింది నాగమణి అత్తయ్య. మా నాన్నకీ పెదనాన్నకీ అక్క. అమలాపురంలో ఉంటుంది. పోయిన క్రిస్మస్‌కి పుట్టింటికి వచ్చి, వంటగట్టు మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలిని కిటికీ వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ గట్టు మా తాతయ్య వేయించిన కడప బండ. నల్లగా అరిగిపోయి, ముందుమూల చిన్న గుంట పడి ఉండేది. నాయనమ్మ కాలం నుంచీ ఇంట్లో అందరూ కొబ్బరికాయ కొట్టింది ఆ మూల మీదే. అత్తయ్య కూడా పెళ్లయ్యేదాకా అక్కడే కొట్టింది.

"ఝాన్సీ, దీని మీద వండుకుంటున్నారా, చేపలమ్ముకుంటున్నారా?" అంది అత్తయ్య.

మా చర్చి సంఘంలో ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. అందరూ నవ్వేరు. పెద్దమ్మా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. నేను ఐదో తరగతి ఆవిడ దగ్గరే చదివేను. పరీక్ష పేపర్లు పంచేముందు అలాగే నవ్వేది.

కొత్త సంవత్సరం రాగానే రావులపాలెం రోడ్డులో బంగారరాజు గారి రాళ్ల కొట్టుకి వెళ్లేం. నన్ను ఎందుకు తీసుకెళ్లేరంటే నేను మాట్లాడను. మాట్లాడని మనిషి పక్కనుంటే బేరం తెగుతుందని పెదనాన్న నమ్మకం. పలకలన్నీ పనిష్మెంటు ఇచ్చిన పిల్లల్లా గోడకి చేరి నిలబడున్నాయి. బంగారరాజు గారు దేని దగ్గరికి వెళ్లినా ముందు ఒక మగ్గు నీళ్లు పోసేవారు. నీళ్లు పడగానే అది తళతళలాడేది. నీళ్లు పోస్తే మా గేదె కూడా ఇలాగే మెరుస్తుందని పెదనాన్న నా చెవిలో గొణిగేడు.

బంగారరాజు గారు నల్ల గ్రానైట్ చూపించేరు. వేడి గిన్నె దించినా, చింతపండు పిసికినా, పసుపు ఒలికినా దానికి పట్టదన్నారు.

"నల్లదైతే ఏం పడ్డా కనపడదండి."

"కనపడకపోవడం శుభ్రం కాదండి," అంది పెద్దమ్మ.

అని తెల్ల పాలరాయి ముందు ఆగిపోయింది. నిజం చెప్పుకోవాలి, బంగారరాజు గారు వద్దనే చెప్పేరు. అది మెట్లకి బాగుంటుంది, మన పులుసులకి కాదన్నారు. పులుపు తగిలితే మెరుపు చచ్చిపోతుందన్నారు, పసుపైతే తాగేస్తుందన్నారు. మా వదినగారింట్లో తెల్లదే వేసేరని పెద్దమ్మ చెప్పింది. ఆవిడ ఇంట్లో వంట చేస్తారాండి అని ఆయన అడిగేరు. అత్తయ్య ఇంట్లో కూరలు కర్రీ పాయింట్ నుంచి వస్తాయని అందరికీ తెలుసు.

తెల్లది వచ్చింది. పాత గట్టు ఉన్న చోటే, అంతే ఎత్తున, అదే మూలకి అమర్చేరు. కడప బండని బయట బోరింగు పక్కన జామచెట్టు కింద ఇటుకల మీద పెట్టేరు.

ఆ రోజు నుంచి ఇంట్లోంచి పులుపు పారిపోయింది. రాయికి పూసే మందొకటి ఉంది. పూసేక నీటిబొట్టు వేస్తే ముత్యంలా నిలబడాలి, ఇంకిపోతే మళ్లీ పూయాలి. పెద్దమ్మ పొద్దున్నే బైబిలు చదువుకుని, వెంటనే వెళ్లి ఆ బొట్టు వేసి చూసుకునేది. రెండింట్లో ఏది ఎక్కువ శ్రద్ధగా చేసేదో నేను చెప్పను. బాత్రూం కడిగే సీసాలు వంటింటి గుమ్మం దాటకూడదు. మెత్తటి గుడ్డ, చిటికెడు సబ్బునీళ్లు, అంతే. కొబ్బరికాయ పట్టుకుని లోపలికి వచ్చే మనిషిని ఆవిడ గుమ్మం దగ్గరే ఆపేసేది. కూరలూ పులుసులూ అన్నీ జామచెట్టు కిందకి పోయేయి. లోపల పాలు మాత్రం కాచేవారు. వానొస్తే పెదనాన్న గొడుగు పట్టేవాడు, పెద్దమ్మ పులుసు దించేది.

"నాకు తీపి ఒక్కటే పడదు," అన్నాడు పెదనాన్న ఒకసారి, గొడుగు కిందనుంచి. "దీనికి పులుపు పడదు, కారం పడదు, వేడి పడదు. దీన్ని చూసేక నాకు రోగం లేదనిపిస్తోందే."

ఇంత కాపలాలోనూ ఆయనే దొంగ. మజ్జిగలోకి నిమ్మకాయ కోసుకుని, సగం చెక్కని గట్టు మీద బోర్లించి, ఫోనొస్తే కొబ్బరి ధరల గురించి మాట్లాడుతూ వీధిలోకి పోయేడు. వచ్చేసరికి చెక్క కింద రూపాయి బిళ్లంత చోట మెరుపు పోయింది. పెద్దమ్మ తినే సోడా ముద్ద చేసి పెట్టింది, తడిగుడ్డ కప్పింది, ఒక పూట పెదనాన్నతో మాట మానేసింది. ఏదీ పనిచెయ్యలేదు. అది మరకైతే కదా పోవడానికి, రాయి తోలు లేచిపోయింది. చివరికి 'ప్రభువు నా కాపరి' అని రాసున్న చిన్న చెక్కపలక తెచ్చి దాని మీద నిలబెట్టింది. ఆ కాపరి కాపలా బాగానే కాసేడు, నాగమణి అత్తయ్య వచ్చేదాకా.

వేసవి సెలవుల్లో కొత్త వంటింటికి కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నారు. సంఘమంతా వచ్చేరు గానీ పెద్దమ్మకి కావలసింది ఒక్కటే. అత్తయ్య వేలు గట్టు మీద గీత గీసి, శుభ్రంగా పైకి లేవాలి. క్రిస్మస్‌కి నవ్వినవాళ్లందరి ముందూ అత్తయ్య నోట మాట రాకూడదు.

పాస్టరు గారు పకోడీ తిన్న చేత్తోనే గట్టు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేరు. దీర్ఘంగా చేసేరు. ఆ ప్రార్థనలో కళ్లు తెరిచి ఆయన వేళ్లకేసి చూసింది పెద్దమ్మ ఒక్కతే. నాకెలా తెలుసంటే, నేనూ తెరిచేను. ఆమెన్ అనగానే ఆవిడ చేతిలోకి గుడ్డ వచ్చేసింది.

తర్వాత అత్తయ్య వేలు. గీసింది, చూసుకుంది, ఏమీ లేదు. బానే ఉంది, మాది ఇంకొంచెం తెలుపు అంది. పెద్దమ్మ ఊపిరి తీసుకునేలోపే, ఈ పలక ఇక్కడెందుకని ఎత్తి పక్కన పెట్టింది. నిమ్మచెక్క గుండ్రం బయటపడింది. ఆడవాళ్లంతా మెడలు చాచేరు.

"నిలబెట్టుకోలేని వస్తువు కొనకూడదు ఝాన్సీ," అంది అత్తయ్య, చాలా ప్రేమగా.

పెద్దమ్మ తల వంచుకుంది. ఆవిడ తల వంచుకోవడం నేను చూడటం అదే మొదలు. చేతిలో గుడ్డని ఉండలా నలిపేస్తోంది.

అత్తయ్య ఇక ఆగలేదు. జామచెట్టు కిందనుంచి గరిటెడు కోడికూర తెప్పించుకుని రుచి చూసి, పల్చగా ఉంది, కొబ్బరి ముద్ద వెయ్యలేదా అంది. మాట్లాడుతూనే గుమ్మం అవతలి బుట్టలోంచి పీచు తీసిన కాయ అందుకుంది. పెద్దమ్మ తలెత్తి ఉంటే ఆపేదే.

"రాయంటే పసిబిడ్డ లాంటిదమ్మా," అంటోంది అత్తయ్య. "కంటికి రెప్పలా చూసుకోవాలి. చిన్న దెబ్బ కూడా తగలనివ్వ..."

చెయ్యి లేచింది. పెళ్లికాకముందు లేచినట్టే లేచి, అదే ఎత్తునుంచి, అదే మూల మీద పడింది.

కాయ రెండు చిప్పలై శుభ్రంగా విడిపోయింది. నీళ్లు అత్తయ్య పట్టుచీర మీద పడ్డాయి. పాలరాయి మూలనుంచి వేలెడు పెచ్చు లేచి, నేల మీద దొర్లుకుంటూ వెళ్లి పాస్టరు గారి కాళ్ల దగ్గర ఆగింది. అత్తయ్య రెండు చేతుల్లో రెండు చిప్పలు పట్టుకుని మూలకేసి చూస్తోంది.

"ఇక్కడే కదా కొట్టేవాళ్లం," అంది చిన్నగా.

పెద్దమ్మ వంగి పెచ్చు తీసుకుంది. తుడిచింది. ఆవిడ మొహంలో నేను కోపం కోసం వెతికేను. పదికి పది వేసేటప్పటి మొహం అది.

"ఆయ్, ఫర్వాలేదండి వదినగారూ. మీ పుట్టిల్లే కదా."

అందరూ నవ్వేరు. ఈసారి అత్తయ్యా నవ్వాల్సొచ్చింది. అమలాపురంలో తనకి తెలిసిన పనివాడున్నాడనీ, పెచ్చు అతికించి కనపడకుండా చేస్తాడనీ, రేపే పంపిస్తాననీ చెప్పింది. పెద్దమ్మ వద్దంటే వద్దంది. తర్వాత బంగారరాజు గారు ఊరికే చేసిపెడతానని కబురు చేసినా ఒప్పుకోలేదు.

మర్నాడు ఆవిడ చేపల పులుసు దాకని పొయ్యి మీదనుంచి దించి నేరుగా తెల్ల గట్టు మీదే పెట్టింది. పెదనాన్న గొడుగు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయేడు. పులుపు పడదన్నావు కదా అన్నాడు. పడుతుందిలెండి, అలవాటవ్వాలి అంది పెద్దమ్మ. ఇప్పుడు ఆ గట్టు మీద పసుపు మరకలున్నాయి, చింతపండు మచ్చలున్నాయి. నీటిబొట్టు ఎప్పుడో మానేసింది. ఎవరు కొత్తగా ఇంటికొచ్చినా ముందు ఆ మూల చూపించి, మా వదినగారు కొట్టేరండి అని మర్యాదగా చెబుతుంది.

అత్తయ్య మళ్లీ వచ్చినప్పుడు వేలు సంచి హ్యాండిల్ వదల్లేదు. సంచిలోంచి కొబ్బరి పొడి ప్యాకెట్టు తీసి ఇచ్చింది. కొబ్బరి మార్కెట్టుకి పేరుపడ్డ అంబాజీపేట పక్కనున్న మా ఊరికి, చుట్టూ తోటలున్న ఇంటికి, కొబ్బరి పొడి ప్యాకెట్టు. పెద్దమ్మ రెండు చేతులతో అందుకుంది. ఇప్పటికీ దాన్ని విప్పలేదు. గట్టు మీద, ఊడిన మూల పక్కనే, అందరికీ కనపడేలా నిలబెట్టింది.