మిల్లులో కునుకు

"నైరుతి గేటున్న కొంపలోకి ఆడపిల్లల్ని ఎవడు పంపిస్తాడే? ప్లాట్లు వేసి అమ్మితే పీడా పోద్ది," అన్నాడు త్రికోటేశ్వరరావు, ఇడ్లీ ప్లేటు పక్కకు నెట్టి.

"ఆ గేటు మూసి తూర్పున తలుపు పెడదామన్నాను గదా నాన్నా. బొమ్మ చూడవు, మళ్లీ అదే మాట," అంది ఇంద్రజ.

ధనలక్ష్మి పచ్చడి వడ్డిస్తోంది. మనసంతా మాత్రం ఆ బొమ్మ మీదే ఉంది. నరసరావుపేట శివార్లలో మామగారు కట్టించిన పత్తి మిల్లు మూతపడి ఏళ్లయింది. ఆర్కిటెక్టుగా పనిచేస్తున్న కూతురు దాన్ని పడగొట్టకుండా కాలేజీ ఆడపిల్లల హాస్టలుగా మార్చే ప్లాను గీసింది. నడిపేది ధనలక్ష్మి. కాపురానికి వచ్చిన నాటినుంచీ తనదని చెప్పుకునే పనంటూ లేని మనిషికి అదెంత పెద్ద మాటో, ఆ ఇంట్లో ఇంద్రజకు తప్ప ఎవరికీ తట్టలేదు.

మిల్లు దెబ్బతిన్నది నైరుతి గేటు వల్లేనని సిద్ధాంతి చెప్పింది మొదలు త్రికోటేశ్వరరావు ఆ గడప తొక్కలేదు. కొనేవాళ్లు వచ్చినా రోడ్డు మీదే నిలబడి చెయ్యెత్తి చూపించేవాడు. ఎట్లాగూ పడగొట్టేదానికి లోపల చూసేదేముందనేవాడు.

ఆ పూట బేరం తేలుస్తానని టిఫిను కాగానే మిల్లు దగ్గరికి బయల్దేరాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు. కరెంటు పోయింది. వీధిలో పిట్టమనిషి లేడు.

"రోహిణీ కార్తె ఎండ. మొన్న గురజాల్లో ఒకాయన బండి మీదనించే పడిపోయాడంట," అని అత్తగారు మొదలుపెట్టేసరికి ధనలక్ష్మి మజ్జిగ సీసా పట్టుకుని కూతురి వెనకాల స్కూటీ ఎక్కింది. ప్లాట్లూ వద్దు, హాస్టలూ వద్దు, మనిషి దక్కితే చాలని దారి పొడుగునా కోటయ్య స్వామికి మొక్కుకుంది.

మిల్లు గేటు బార్లా తెరిచి ఉంది. లోపల, పత్తి బేళ్లు దించే అరుగు మీద, చొక్కా మడిచి తలకింద పెట్టుకుని త్రికోటేశ్వరరావు గురకపెట్టి నిద్రపోతున్నాడు.

ధనలక్ష్మి వెళ్లి అతని భుజం పట్టి కుదిపింది. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"ఏందండీ ఈ నిద్ర? అక్కడ మా ప్రాణాలు పోతంటే."

అతను లేచి కళ్లు నులుముకున్నాడు. "ఫోను బండి డిక్కీలో ఉండిపోయిందే. ఆ బేరగాడు రాలా. ఎండ మాడుస్తంటే తప్పక లోపలికొచ్చా. ఫ్యాను కూడా లేదు, ఈ చల్లదనం ఎక్కడిది?"

"మూరెడు మందం రాతిగోడలు నాన్నా. కప్పు కింద ఆ జాలీలు చూడు. దూది ధూళి పోవటానికి తాతయ్య పెట్టించాడు. వేడిగాలి కూడా అటే పోద్ది. అందుకే గదుల గోడలు కప్పుదాకా లేపకుండా గీశా."

"ఏసీ వేసినా పొర్లే మనిషి, శని కొంపలో గురకలు పెట్టారు," అంది ధనలక్ష్మి.

"ఈ ఎండకి శని కూడా పడుకునుంటాడులే."

మజ్జిగ తాగుతూ పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అరుగును చేత్తో తట్టి, "దీన్నేం చేస్తావు?" అని కూతుర్ని అడిగాడు.

"పిల్లలు అన్నాలు తినేది దీని మీదే."

ఇంటికొచ్చి స్నానం చేశాడు. అందరూ అన్నాలకు కూర్చున్నాక, పప్పు కలుపుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"అమ్మా, మిల్లు అమ్మటంలా. తూర్పున తలుపు పెట్టిద్దాం. హాస్టలు నీ కోడలు నడిపిద్ది."