దొరగారి అద్దం మూత

ఆపరేషన్‌కి వెళ్తూ అక్క తమ్ముడికి అప్పగించింది నగలూ కాదు, ఇంటి తాళాలూ కాదు. ఒక తొండని. గడ్డం కింద ముళ్ళున్న ఎడారి తొండ, పేరు దొర. బావ పోయాక ఆ ఇంట్లో అక్క మాటలు వినే ప్రాణి అదొక్కటే. అద్దాలు కోసే తమ్ముడు అక్క దాన్ని తెచ్చుకున్న మొదట్లో నవ్వాడు గానీ, పక్కింటి పిల్లి దొర ఉండే పెట్టె చుట్టూ తిరగడం చూసి తానే మూత కోసి ఇచ్చాడు. గీత లేదు, బుడగ లేదు. ముట్టుకుంటే తప్ప అక్కడ అద్దముందని తెలియదు. దొరకి ఎండకి బదులుగా వేసే దీపం దాని మీదే పెట్టుకోమని అక్కకి చెప్పాడు.

ఇప్పుడు ఆ దొర పశువుల డాక్టరమ్మ బల్ల మీద తడిగుడ్డలా పడున్నాడు. దవడ నొక్కితే లోపలికి పోతోంది. వెనక కాలు వంగకూడని చోట వంగింది.

"దీపం రోజూ వేస్తున్నారా?"

"పొద్దున్నే వేస్తున్నానమ్మా. కొత్త దీపమే."

"దీపానికీ వీడికీ మధ్య ఏముంది?"

"ఏమీ లేదు," అన్నాడు. అనేశాక తను కోసిన మూత గుర్తొచ్చింది. "అద్దం ఉంది."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అద్దం వెలుతురుని వదులుతుంది గానీ అతినీలలోహిత కిరణాల్ని ఆపేస్తుందండీ. అవి లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకి పట్టదు. మందిస్తాను, మూత తీసెయ్యండి. తొందరపడి దీపాన్ని కిందికి దించకండి, కళ్ళు దెబ్బతింటాయి. దీపం డబ్బా మీద రాసిన దూరమే ఉంచండి. ఓ మూల నీడ ఉండాలి."

"బతుకుతాడా?"

"బాగా ముదిరింది. చూద్దాం."

కొట్టు మూసేసి అక్క ఇంటికొచ్చి మూత తీశాడు. దీపాన్ని తీగకి వేలాడదీశాడు. దొర తల ఎత్తలేదు. కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు. ఇంకొంచెం దించితే? పాపిష్టి చెయ్యి ఊరుకోలేదు, బెత్తెడు దించింది. దొర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశాం, ఈ మహానుభావుడు ఆ ఆకులకూ నిప్పు పెట్టబోయాడు. ఏడుస్తూనే దీపాన్ని పైకి లాగాడు.

అప్పుడే ఆసుపత్రి నుంచి అక్క ఫోను.

"దొర తిన్నాడారా?"

రోజూ తిన్నాడనే చెప్పాడు. ఇవాళ అబద్ధమాడలేకపోయాడు. "లేదక్కా."

"నేనున్నప్పుడే తిండి తగ్గించేశాడు. నా పెంపకంలోనే ఏదో లోపముంది. పాడుదాన్ని, కనిపెట్టలేకపోయాను."

"నీది కాదక్కా. నా అద్దం." అంతా చెప్పాడు.

"మూత తీసేస్తే మరి పిల్లిరా?"

"నేనున్నాగా."

"ఫోను వాడి దగ్గర పెట్టు."

పెట్టాడు. "దొరా, నేనేరా," అంది అక్క. దొర ఒక కన్ను తెరిచాడు. తల మాత్రం ఎత్తలేదు. కిటికీ గట్టు మీదికి పిల్లి వచ్చి కూర్చుంది. తమ్ముడు దీపానికి అడ్డం రాకుండా పక్కకి ఒరిగి, పెట్టె చుట్టూ రెండు చేతులూ వేసి కూర్చున్నాడు.