నలభై ఒక్కరు ఎక్కడ?

తొంభై ఏడు వేసవి. ఉదయగిరి కంటి శిబిరం నుంచి ఫ్లాపీల్లో వచ్చిన పేర్లు మూడొందల పన్నెండు. ఆత్మకూరు ఆసుపత్రి ప్రింటర్ కక్కిన ఆపరేషన్ల జాబితాలో ఉన్నవి రెండొందల డెబ్బై ఒకటి.

"నీ పేరు లేదమ్మా. వచ్చే నెల రా," అన్నాడు గుమస్తా కొండలయ్య.

వరికుంటపాడు పెంచలమ్మ బెంచీ మీంచి కదల్లేదు. "పేరు లేకపోతే కన్ను కూడా లేదా ఏంది?"

కంప్యూటర్ గదిలో ఏంజెలిన్‌కు ఆ మాట సూటిగా తగిలింది. ఆపరేటరుగా చేరి ఇరవై రోజులు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అయినా ఫ్లాపీలు తిరగేసింది. మనిషికో ఫైలు, ఊరికో ఫోల్డరు. శిబిరంలో వాడింది డాస్ కంప్యూటరు. డాస్‌లో ఫైలు పేరుకు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలే చోటు. పెంచలకోన స్వామి పేరు లేని ఇల్లే లేని సీమ అది. పెంచలయ్య, పెంచలమ్మ, పెంచలనరసయ్య అందరూ ఉత్త 'పెంచల' అయిపోయారు. ఒకే ఊళ్లో ఇద్దరుంటే చివర అంకె వేశారు. ఊరు మారితే అంకె మళ్లీ మొదటికే. నెల్లూరు ఇంజనీరు రాజమోహన్ ఆసుపత్రి యూనిక్స్ మిషన్‌కు రాసిచ్చిన షెల్ స్క్రిప్టు, అంటే ఫైళ్లను కాపీ చేసే ఆదేశాల వరస, ఊళ్లన్నిటినీ ఒకే ఫోల్డర్లో కుమ్మరించింది. ఒక పెంచల మీద ఇంకో పెంచల పడి, ఆఖరున పడ్డదే మిగిలింది.

"మీ స్క్రిప్టు తప్పు సార్," అంది పక్క కుర్చీలో ఉన్న రాజమోహన్‌తో.

"షెల్ వచ్చా నీకు?"

"రాదు. సి భాష వచ్చు."

రాజమోహన్ నవ్వాడు. "సి ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చే కంపైలరే లేదు ఈ మిషన్లో. దేంట్లో వండుతావు? ముట్టుకున్నావో, ఇంటికే!"

ఏంజెలిన్ సంచిలోంచి ఫ్లాపీ తీసింది. నెల్లూరులో కోర్సు చదివినప్పుడు కాపీ చేసుకున్న సి ఇంటర్‌ప్రెటర్. కంపైల్ చేసే పనే లేదు, రాసిన లైనును రాసినట్టే చదివి నడిపిస్తుంది.

"వండక్కర్లేదు సార్. పచ్చిదే తింటుంది."

ఆయన చూస్తుండగానే పదిహేను లైన్లు కొట్టింది. ప్రతి ఫైలు పేరుకూ ముందు ఊరి పేరు తగిలించు. అదే పేరు ముందే ఉంటే కాపీ చెయ్యకు, ఆగి చెప్పు. ఎంటర్ నొక్కింది.

తెర మీద ఫైళ్ల లెక్క మూడొందల పన్నెండు.

"మేడమ్, షెల్ పనికి సి వాడతారా ఎక్కడన్నా?" రాజమోహన్ ఆసుపత్రి పెద్ద డాక్టర్ సుకుమారి దగ్గరికి పరుగెత్తాడు. "ఈ పిల్లను పంపించేయండి!"

డాక్టరు ప్రింటర్లోంచి వచ్చిన కొత్త జాబితా తిరగేసింది. "ఇంకోసారి మిషన్ ముట్టుకోనని రాసిస్తావా ఏంజెలిన్?"

"రాసియ్యను మేడమ్. రేపు కలువాయి శిబిరం ఫ్లాపీలు వస్తాయి. వాటినీ దీంతోనే నడుపుతాను. పంపించేదుంటే ఇప్పుడే పంపండి."

డాక్టరు జాబితాను కొండలయ్య చేతికిచ్చింది. "అందరినీ లోపలికి పిలువు. రాజమోహన్ గారూ, మీ స్క్రిప్టు మీరే తీసేస్తారా, ఆ అమ్మాయి చేత తీయించమంటారా?"